చిక్కటి టీ, పల్చటి అబద్ధం

కొట్టు నుంచి,
ఎండలు మండే మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

టీ పండితుడైన మా బావమరిదికి ఆశీస్సులు.

నువ్వు కులాసా అని తలుస్తాను. నేను కులాసాగా లేను. కంగారు పడకు, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. కొట్లో కుట్టుమిషన్లు ఎప్పట్లాగే గోడవారగా బారులు తీరి ఉన్నాయి. దర్జీలు ఎప్పట్లాగే అర్జంటంటూ తెచ్చి నా నెత్తిన పడేసి, బాగుచేశాక మొహం చూపించడం మానేస్తున్నారు. అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి, ఒక్క టీ తప్ప.

సంగతేమిటంటే, మొన్న మీ అక్క ఆఫీసులో ఉద్యోగులకీ ఇంట్లోవాళ్ళకీ రక్తపరీక్షలు పెట్టారు. బీపీ కూడా చూశారు. ఇద్దరం వెళ్ళి సూదులు పొడిపించుకుని వచ్చాం. రిపోర్టులు తేవడానికి మీ అక్క ఒక్కతే వెళ్ళింది. వచ్చీరాగానే, చెప్పులైనా విప్పకుండా, నాకు బీపీ పెరిగిందనీ, చిక్కటి టీ ఇక ముట్టుకోకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందనీ అంది. నన్ను ఒంటరివాణ్ణి చెయ్యడం ఇష్టంలేక తను కూడా మానేస్తానంది. ఆ త్యాగానికి నా కళ్ళు చెమర్చాయి. మర్నాడు నాలుగింటికి కప్పులో ఏం పోసిందో చూశాక మళ్ళీ చెమర్చాయి.

ఏదో ఎండుగడ్డిట. వేణ్ణీళ్ళలో వేస్తే లేత పసుపు రంగు దిగుతుంది. తాగితే పక్కింట్లో ఎవరో టీ పెట్టుకుంటున్నట్టు ఉంటుంది.

మా ఇంటి టీ నీకు తెలియంది కాదు, మాకు నేర్పిందే నువ్వు. అందరిలా పాలల్లో వేసి మరిగించడం మీ అక్క దృష్టిలో నేరం. ముందు పింగాణీ టీపాట్‌ని వేణ్ణీళ్ళతో వెచ్చబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. మనిషికో చెంచా విడి ఆకు, పాట్ కోసమని ఇంకో చెంచా. దానిమీద సలసల కాగే నీళ్ళు, పాట్‌కి ఉన్ని టోపీ. నానినంతసేపూ ఎవరూ మూత ఎత్తకూడదు, ఎత్తితే చెయ్యి విరుగుతుంది. వంపితే ముదురు రాగి రంగు, అందులో చెంచాడు పాలు. ఆ కప్పు కోసమే నేను రోజంతా నూనె జిడ్డులో చేతులు పెట్టి బతికేవాణ్ణి.

కనుక నాయనా, గుట్టుచప్పుడు కాకుండా కాస్త ఆకు కొట్టు అడ్రసుకి పంపు. పైన 'మిషన్ షటిల్ విడిభాగాలు' అని రాయి. ఫోన్ చేద్దామంటే అది మేడమీద మీ అక్క చెవి పక్కనే ఉంది. ఆవిడ తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, గ్రాము తేడా వచ్చినా కొట్టుకి సీలు వేసే మనిషి. దొరికానంటే నా గతేమిటో నువ్వే ఆలోచించు.

ఇట్లు,
గడ్డినీళ్ళ పాలబడ్డ మీ బావ

*

రుచి గది, టీ గోదాము పై అంతస్తు

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదువుతూ నవ్వొచ్చి, నోట్లో ఉన్న టీని డబ్బాలో ఉమ్మబోయి మా మేనేజరు చొక్కామీద ఉమ్మాను. ఆయన మిమ్మల్ని అడిగినట్టు రాయమన్నారు. ఇంకో మాట కూడా అన్నారు గాని అది రాయను.

నా బతుకు మీకు తెలిసిందే. బల్లమీద వరసగా తెల్ల కప్పులు. ఒక్కో దాంట్లోంచి చెంచాడు తీసి, గది దద్దరిల్లేలా జుర్రి, నాలిక మీద తిప్పి ఉమ్మెయ్యాలి. పొద్దస్తమానం టీ నోట్లోనే ఉంటుంది, గొంతులోకి మాత్రం చుక్క దిగదు. మీ కష్టం నాకు అర్థమైనంతగా లోకంలో ఇంకెవరికీ అర్థం కాదు.

కాబట్టి పంపుతున్నాను. చిన్న పొట్లమే. రోజుకి ఒక్క కప్పు. తల తిరిగినా, చెవులు గింగురుమన్నా మానేసి తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. అక్కకి దొరికిపోతే నా పేరు ఎత్తకూడదు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషే గాని, కోపం వస్తే ఎత్తి కుదేసింది కూడా ఆవిడే.

ఒక్కటే మనసులో పీకుతోంది. అక్క అబద్ధమాడే మనిషి కాదు, డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. జాగ్రత్త బావగారూ.

మీ చిట్టి

*

తూనికలు కొలతల ఆఫీసు, నా బల్ల దగ్గర్నుంచి

చిట్టీ,

నెలనెలా పంపే ఆకు ఈ నెల పంపకు. వచ్చే నెలా వద్దు. ఎందుకని అడక్కుండా ఉండలేని జబ్బు నీకుంది కనుక నేనే చెప్తున్నాను. చదివి చింపెయ్యి.

బీపీ మీ బావకి లేదు. రక్తం తక్కువైంది నాకు. డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి పెదవి విరిచింది. ఐరన్ మాత్రలు రాసిచ్చి, టీ ఎంత తాగుతానని అడిగింది. పొద్దున తిండితో ఒక పెద్ద కప్పు, మధ్యాహ్నం భోజనం కాగానే ఒకటి, నాలుగింటికి మరొకటి అని చెప్పాను. చిక్కటి టీ తిండిలో ఉన్న ఇనుముని ఒంటికి పట్టనివ్వదట. తగ్గించమంది. ఇంకా ఏదో చెప్పబోయింది గాని నేను లేచి వచ్చేశాను. నా సంగతి నీకు తెలుసుగా. కాస్త దొంగతూకం అనేది ఉండదు, దొంగతూకమే ఉంటుంది. తగ్గించడం నావల్ల కాదు. మానెయ్యమంటే మానేస్తాను.

మరి ఆ జబ్బు మీ బావకెందుకు అంటగట్టానంటావా. ఆయన పొద్దున్నుంచీ కొట్లో స్క్రూలతో మాట్లాడే మనిషి. రాత్రి కంచం ముందే కునికిపాట్లు పడతారు. నేను బజారు తనిఖీలు ముగించుకుని వచ్చి పాట్ మీద టోపీ పెట్టేసరికి మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినబడుతుంది. అప్పుడు మాట్లాడతారు. ఏ దర్జీ ఎవరితో దెబ్బలాడాడో, ఏ మిషన్ ఎందుకు మొరాయించిందో, చిన్నప్పుడు ఎవర్ని కొట్టారో, అన్నీ ఆ అరగంటలోనే. పెళ్ళయినప్పట్నుంచీ నాకు మిగిలింది ఆ అరగంటే.

నేను తాగడం మానేశానని తెలిస్తే, పాపం దీన్ని ఊరించడం ఎందుకని కింద కొట్లోనే తెప్పించుకుని తాగేస్తారు. అంత మంచివారు. నా భయమంతా ఆ మంచితనంతోనే. ఒంట్లో రక్తం తగ్గితే తగ్గింది గాని ఆ అరగంట పోతే నేను ఓర్చుకోలేను. అందుకని ఇద్దరికీ కలిపి మానిపించాను. గడ్డినీళ్ళయితేనేం, ఎదురెదురుగా కూర్చుని తాగుతున్నాం.

ఆయనతో అన్నావంటే నామీద ఒట్టు.

అక్క

*

రుచి గది

అక్కా,

చింపేశాను. ముక్కలు కూడా ఒకచోట పారెయ్యలేదు.

ఇన్నాళ్ళూ ఊళ్ళో వర్తకుల దొంగరాళ్ళు పట్టుకున్నావు. ఇప్పుడు నీ జబ్బు తీసుకెళ్ళి బావ తక్కెట్లో వేశావు. మరి నీకు సీలు ఎవరు వేస్తారు?

పైకి నవ్వుతూ రాస్తున్నాను గాని నాకు నవ్వు రావడం లేదు. మాత్రలు వేసుకుంటున్నావా? డాక్టరమ్మ ఏం చెప్పబోయిందో ఒకసారి వెళ్ళి వినిరా. సగం మాట విని లేచిపోవడానికి ఆవిడేం నీ చేతికి చిక్కిన వర్తకురాలు కాదు.

ఇంటికి ఆకు పంపను. ఒట్టేయించావు కాబట్టి బావతో అనను కూడా.

చిట్టి

*

కొట్టు నుంచి,
తొలి వాన కురుస్తుండగా

బావమరిదీ,

విడిభాగాలు అందాయి. పోస్టుమాన్ పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని, మీ షటిళ్ళు ఘుమఘుమలాడుతున్నాయండీ అన్నాడు. వాడి నోరు మూయించడానికి మొదటి కప్పు వాడికే పోయాల్సి వచ్చింది.

ఏర్పాట్లు విను. టీపాట్ మేడమీద మీ అక్క కనుసన్నల్లో ఉంది. నాకు దక్కినవి ఒక చిన్న స్టవ్వు, మూత పోయిన కెటిల్, మిషన్ ఆయిల్ వచ్చే రేకు డబ్బా. ఆ డబ్బాని సబ్బుతో తోమీ తోమీ చేతులు అరిగిపోయాయి. ఉన్ని టోపీ బదులు ఫ్లానెల్ గుడ్డ చుట్టాను. వడకట్టడానికి ఒక దర్జీ మర్చిపోయిన అస్తరు గుడ్డ. ఆకుని దారం చుట్టే బాబిన్ల సొరుగులో బాబిన్ల కింద దాచాను. నిన్న ఒకావిడ బాబిన్ కొనుక్కెళ్ళి, ఇందులోంచి ఏదో నల్లగా రాలుతోందని వెనక్కి తెచ్చింది. తుప్పని చెప్పి పంపించాను.

రోజూ మూడింటికి తాగుతున్నాను. తాగి, మూతి తుడుచుకుని, నాలుగింటికి ఏమీ ఎరగనట్టు మేడెక్కి గడ్డినీళ్ళు తాగుతున్నాను.

ఇంతకీ టీ బాగాలేదు. రంగుంది, వాసనుంది, రుచే లేదు. తాగాక ఏదో వెలితిగా ఉంటోంది. మొదట డబ్బా జిడ్డేమో అనుకుని గాజు జగ్గు కొన్నాను. అయినా అంతే. మనవాడివి కాబట్టి చెప్తున్నాను, ఏమనుకోకు. ఈసారి ఆకు నాసిరకం. గోదాములో అడుగున మిగిలింది ఊడ్చి పంపావా?

మీ బావ

*

రుచి గది

బావగారూ,

నన్ను తిట్టండి. మా ఇంటిల్లిపాదినీ తిట్టండి. ఆకుని మాత్రం అనకండి.

అది మా మేనేజరు తన కోసం పక్కన పెట్టుకున్న ఆకు. నేను కాళ్ళావేళ్ళా పడి సంపాదించాను. మీరు రాసిన 'నాసిరకం' అనే మాట రుచి గదిలో చదివి వినిపిస్తే అందరూ కప్పులు దింపేసి నా వంక చూశారు. ఒకాయన మీ అడ్రసు అడిగాడు. మంచి ఉద్దేశంతో అడిగినట్టు లేదు, అందుకని ఇవ్వలేదు.

ఈసారి ఇంకా ముదురుది పంపుతున్నాను. ఇందులో చెంచా నిలబడుతుంది. నీళ్ళు కాగీ కాగకుండా పోస్తున్నారేమో చూసుకోండి. జగ్గు ముందు వెచ్చబెట్టండి. అప్పటికీ రుచి లేదంటే తప్పు ఆకుది కాదు, మీ నాలికది. కాదంటే మీరు తాగే చోటుది. ఆ చీకటి కొట్లో ఒక్కరే మిషన్ల మధ్య కూర్చుని తాగుతున్నారు కదా, కాస్త ఆలోచించండి.

చిట్టి

*

మేడమీద వంటింటి నుంచి

చిట్టీ,

నా ముక్కుని నువ్వు తక్కువ అంచనా వేశావు.

నిన్న తనిఖీ తొందరగా అయిపోయింది. వాన పడుతోందని కొట్టులోంచి లోపలికి వస్తుంటే మిషన్ ఆయిల్ వాసన కింద ఇంకో వాసన తగిలింది. నీ ఆకు. మీ బావ ఒక మిషన్ వెనక నక్కి ఉన్నారు. నన్ను చూసి నోట్లోది మింగలేక కక్కలేక, బుగ్గలు ఉబ్బించుకుని, స్క్రూడ్రైవరు తలకిందులుగా పట్టుకున్నారు. ఏమని అనను? ఆయనకి లేని జబ్బుకి ఆయన పథ్యం తప్పారు.

కోపం కూడా రాలేదురా. గుమ్మం దగ్గర కళ్ళు మూసుకుని కడుపునిండా పీల్చుకున్నాను. ఇవాళ సూది కావాలని మళ్ళీ కిందికి దిగాను. రేపు దారం అడుగుతాను. పైన కుట్టేవాళ్ళెవరూ లేరని ఆయనకి ఇంకా తట్టలేదు.

అయితే నేను భయపడ్డదే జరుగుతోంది. నాలుగింటికి గడ్డినీళ్ళు ముందు పెట్టుకుని, బస్సు కోసం చూసే కొత్త మనుషుల్లా కూర్చుంటున్నాం. ఆయన నోరు తెరవరు, తెరిస్తే టీ వాసన వస్తుందని. నేను తెరవను, తెరిస్తే నిజం వస్తుందని. ఎంత కష్టపడి కాపాడుకున్న అరగంట, ఇలా తయారైంది.

మాత్రల గురించి అడిగావు. ఇంట్లో పెడితే కనబడతాయని ఆఫీసులో తూకం రాళ్ళ పెట్టెలో దాచాను. ఆ పెట్టె ఒకరోజు నాతో వస్తుంది, ఒకరోజు ఇంకొకరితో బజారుకి పోతుంది. మాత్రలూ దాంతోపాటే పోతాయి. దొరికినరోజు వేసుకుంటున్నాను. మెట్లెక్కేటప్పుడు మధ్యలో కాస్త ఆగాల్సి వస్తోంది. అదేం పెద్ద సంగతి కాదు.

ఆకు పంపింది నువ్వేనని తెలుసు. నిన్నేం అనను. ఒట్టు మాత్రం అలాగే ఉంది.

అక్క

*

కొట్టు నుంచి

బావమరిదీ,

కొంప మునిగింది. మీ అక్క పసిగట్టేసింది.

రోజూ ఏదో వంకన దిగుతోంది. సూదంటుంది, దారమంటుంది, గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంటుంది. లోపల లెక్కలు కడుతోందనుకుంటాను. పోనీ అరిచినా బాగుండును, పల్లెత్తు మాట అనడం లేదు. ఆవిడ కేకలేస్తే ఎలా సర్దిచెప్పుకోవాలో ఇన్నేళ్ళలో నేర్చుకున్నాను గాని, మౌనంగా ఉంటే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

ఇంకో సంగతి. మనిషి పాలిపోయింది. మొన్న మేడెక్కుతూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. ఏమైందంటే మెట్ల ఎత్తు సమానంగా ఉందో లేదో చూస్తున్నానంది. నేను నమ్మాను. తర్వాత ఆలోచిస్తే నమ్మకూడదనిపించింది. నామీద కోపంతో తిండి మానేసిందేమో. నాకూ తిండి సయించడం లేదు. నీకేమైనా రాసిందా? రాస్తే దాచకు.

నీ ముదురు ఆకు కూడా అలాగే ఏడ్చింది. చెంచా నిలబడింది, నేనే నిలబడలేకపోతున్నాను.

మీ బావ

*

రుచి గది

అక్కా,

ఇవాళ నేను ఆటలాడే స్థితిలో లేను. నువ్వు మేడమీద, బావ కింద. మధ్యలో ఉన్నవి మెట్లు. అవి ఎక్కాల్సిన మాటలు నా ఊరు దాకా వచ్చి వెళ్తున్నాయి. నేనేం తపాలా పెట్టెనా?

నువ్వు కోపంగా ఉన్నావనుకుని బావ కుమిలిపోతున్నారు. ఆయన మేడెక్కడం మానేస్తారేమోనని నువ్వు కుమిలిపోతున్నావు. మీ ఇద్దరి మధ్యా నిజంగా నలిగిపోతోంది నీ ఒళ్ళు. మాత్రలు రాళ్ళ పెట్టెలో దాచడం ఏమిటక్కా? అవి నీ ఒంట్లో ఉండాల్సినవి.

నువ్వే బావకి చెప్పు. లేకపోతే నేను చెప్పేస్తాను.

చిట్టి

*

ఆఫీసు నుంచి, తొందరలో

చిట్టీ,

నువ్వు చెప్పావంటే నాకు తమ్ముడు లేడనుకుంటాను.

ఎవరి నోటో నీ చెవిన పడేలోగా నేనే రాస్తున్నాను. నిన్న ధాన్యం బజారులో ఒక కాటా చూస్తుండగా కళ్ళు బైర్లు కమ్మాయి. పడిపోకుండా దొరికిన చోట కూర్చున్నాను. అది బస్తాలు తూచే పెద్ద కాటా. ముల్లు గిర్రున తిరిగి ఆగింది. ఆ వర్తకుడికి పోయినేడాది నేనే సీలు వేశాను. వాడు నా బరువు బజారంతా వినబడేలా చదివి, మేడమ్ గారూ, కాటా సరిగ్గా ఉన్నట్టేనా అని అడిగాడు. సరిగ్గానే ఉందని చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే సరిగ్గానే ఉంది.

తర్వాత వాడే మంచినీళ్ళు తెచ్చి, రిక్షా పిలిచి పంపించాడు. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఆయనకి మాత్రం చెప్పకు. ఇంత దూరం వచ్చాక ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అక్క

*

రుచి గది

బావగారికి,

ఇది నిలబడి చదవకండి, కూర్చోండి.

అక్క పెట్టిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. తమ్ముడు లేడనుకుంటానంది. అనుకోనివ్వండి, అక్క ఉంటే చాలు నాకు.

మీకు బీపీ లేదు. ఎప్పుడూ లేదు. రక్తం తక్కువైంది అక్కకి. చిక్కటి టీ తగ్గించమంది అక్కనే. తను మానేస్తే మీరు మొహమాటపడి కింద తాగేస్తారనీ, నాలుగింటికి మేడెక్కడం మానేస్తారనీ భయపడి, జబ్బు మీదని చెప్పింది. ఆవిడకి టీ మీద బెంగ కాదు, మీరు మాట్లాడే ఆ అరగంట మీద బెంగ.

మాత్రలు మీ కంటబడతాయని ఆఫీసులో దాచింది, సగం రోజులు వేసుకోవడం లేదు. మెట్లమీద కూర్చున్నది కోపంతో కాదు, ఆయాసంతో. నిన్నగాక మొన్న బజారులో కళ్ళు తిరిగి కూలబడింది. గుమ్మం దగ్గర కళ్ళు మూసుకునేది మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు బావగారూ, మీ టీ వాసన పీల్చుకోవడానికి.

ఇక మీ ఇష్టం. ఆవిణ్ణి కోప్పడకండి.

చిట్టి

*

కొట్టు నుంచి, తలుపులు వేసుకుని

చిట్టీ,

నీ ఉత్తరం చదివి పట్టపగలు కొట్టు మూసేశాను. బయట దర్జీలు తలుపులు బాదుతున్నా పలకలేదు. కాసేపు మీ అక్క మీద కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు, నామీదికి తిరిగింది. వీధి అవతల ఏ ఇంట్లో మిషన్ చప్పుడు తేడాగా ఉన్నా పట్టేసేవాణ్ణి, మా మెట్లమీద ఆవిడ ఊపిరి తేడా నాకు వినబడలేదు. చాలా సిగ్గుగా ఉంది.

వెనక తలుపు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ముందు నా బీపీ చూడమన్నాను. చూసి, మీకేమండీ దివ్యంగా ఉంది అంది. అప్పుడు అసలు సంగతి అడిగాను. మీ ఆవిడ రెండో మాట వినకుండా వెళ్ళిపోయారని విసుక్కుంది. ఆ రెండో మాట ఏమిటో తెలుసా? టీ పూర్తిగా మానక్కర్లేదు. తిండితో తాగకూడదు, మాత్రతో తాగకూడదు. పొద్దుటిదీ, భోజనం కాగానే తాగేదీ వదిలెయ్యాలి. మధ్యాహ్నం తిన్న తర్వాత బాగా ఎడం ఇచ్చి, నాలుగింటికి ఒక్క కప్పు నిక్షేపంలా తాగొచ్చు. మాత్ర మాత్రం ఒక్కరోజు తప్పినా ఊరుకోనంది. వెంటనే ఇంకోసారి రక్తం చూపించుకోమంది.

ఇన్నాళ్ళూ మేం తాగిన గడ్డినీళ్ళు తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడ మానక్కర్లేని కప్పు మానేసింది, వేసుకోవాల్సిన మాత్ర మానేసింది.

ఇక మీ అక్కకి ఎలా చెప్పడం? నాకంతా తెలిసిపోయిందంటే ఒక్క మాటతో తేలిపోతుంది. కాని ఊరందరి తప్పుడు తూకాలూ పట్టుకునే మనిషి నా ముందు తల దించుకుంటే నేను చూడలేను. అందుకని నేనూ ఒక అబద్ధం తయారుచేశాను. పాత మిషన్ ఒకటి ఎదురుగా పెట్టుకుని రెండుసార్లు చెప్పి చూశాను. అది నమ్మింది.

మీ బావ

*

మేడమీద కిటికీ దగ్గర్నుంచి,
చలి మొదలయ్యాక

చిట్టీ,

ఒట్టు తప్పావు. నువ్వు వచ్చినప్పుడు నీ చెవి మెలిపెడతాను, ఆ తర్వాత కూర్చోబెట్టి భోజనం పెడతాను. రెండూ తప్పవు.

మొన్న నాలుగింటికి మీ బావ బాబిన్ల సొరుగుని సొరుగుపళంగా ఎత్తుకుని మేడెక్కారు. బల్లమీద పెట్టి, గొంతు సవరించుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా మొదలుపెట్టారు. దారిలో డాక్టరమ్మ కనబడిందట. ఆయన బీపీ తగ్గిందట. రోజూ నాలుగింటికి ఒక్క కప్పు చిక్కటి టీ తాగొచ్చట, అయితే ఒక్కరే తాగకూడదట, తాగితే మళ్ళీ పెరుగుతుందట. ఎదురుగా కూర్చుని తాగే మనిషి మాత్రం రోజూ పొద్దున్నే ఐరన్ మాత్ర వేసుకోవాలట.

ఆయన బీపీకి నేను మాత్ర వేసుకోవడమేమిటని అడిగాను. ఈ మధ్య వైద్యం అలాగే ఉందన్నారు. జేబులోంచి కొత్త మాత్రల పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. నా మొహంకేసి మాత్రం చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

ఎన్ని కొట్లలో ఎన్ని అబద్ధాలు పట్టుకున్నానో. ఇంత తేలిగ్గా దొరికిపోయే అబద్ధం ఎప్పుడూ వినలేదు. ఇంత ముచ్చటైనదీ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కనబడకుండా లేచి, నీళ్ళు కాచి, పాట్ వెచ్చబెట్టి, ఆకు వేశాను. బాబిన్ల దారప్పోగులు ఏరాల్సి వచ్చింది. టోపీ తొడిగి ఆయన ఎదురుగా కూర్చున్నాను. రక్తం తగ్గింది నాకనీ, మీకు బీపీ లేనే లేదనీ చెప్పేశాను. ఎందుకు దాచానో కూడా దాచకుండా చెప్పాను. తెలుసన్నారు. నువ్వు చెప్పావన్నారు.

"నేను తాగకపోయినా మీరు రోజూ పైకి వచ్చేవారా?" అని అడిగాను. ఇన్ని నెలలూ అడగడానికి భయపడ్డ మాట అదొక్కటే.

ఆయన తీరు నీకు తెలుసు, ఏ మాటనైనా విప్పి చూసి, నూనె వేసి, మళ్ళీ బిగించిగాని బయటికి వదలరు.

"కింద నేనొక్కణ్ణే తాగి చూశాను కదా" అన్నారు చివరికి. "ఆకు మార్చాను, డబ్బా మార్చాను, జగ్గు మార్చాను. దేనికీ రుచి రాలేదు. మీ తమ్ముణ్ణి తిట్టిపోశాను. తప్పు ఆకుది కాదని నాకు చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు."

తప్పు ఆకుది కాదని నువ్వు రాసిన ఉత్తరం తర్వాత ఆయనే చూపించారు. ఆయనకి అది ఎక్కలేదులే.

ఆ తర్వాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. కొట్లో దాచుకున్న నెలల కబుర్లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. తుప్పని చెప్పి పంపిన ఆవిడ సంగతి చెప్తే నవ్వలేక నాకు ఆయాసం వచ్చింది. ఈసారి ఆ ఆయాసం ఆయనకి వినబడింది, మాట ఆపేసి మంచినీళ్ళిచ్చారు. నేను బజారు కాటా మీద కూర్చున్న సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. వంగి, బల్లమీద ఉన్న నా చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయారు.

పాట్ సంగతి ఇద్దరం మర్చిపోయాం. పోసేసరికి టీ నల్లగా తారులా అయింది, ఒకటే చేదు. నేను అలాంటి టీ ఎవరికీ ఇవ్వను, నీకు తెలుసు. పారబోసి మళ్ళీ పెడతానని లేచాను. ఆయన చెయ్యి వదల్లేదు. కప్పు ముందుకి జరిపి, ఇదే పొయ్యమన్నారు. పోశాను. చివరి చుక్క దాకా తాగి, ఇన్నాళ్ళకి టీ తాగినట్టుందన్నారు.

మీ అక్క